కింద దారం

సర్కస్ వాళ్ల మూట విప్పగానే కుట్టుబల్ల అంతా తళుక్కుమంది. పూసల గౌన్లు, మోకాళ్ల దగ్గర చిరిగిన పంట్లాలు, జరీ అంచు ఊడిన కోట్లు. వాటి మధ్య ఒక నల్లటి పట్టీ, పెళ్లికి పాత చెప్పులతో వచ్చిన చుట్టంలా ముడుచుకుని పడి ఉంది. రెండు వేళ్ల వెడల్పు, మూరెడు పొడవు. ఒక చివర ఇనుప కొక్కేనికి తగిలించే మడత, రెండో చివర చెయ్యి దూర్చుకునే ఉచ్చు. ఉచ్చు దగ్గర పాత కుట్టు పిగిలిపోయింది.

మూట తెచ్చిన సర్కస్ పెద్దావిడ ఆ పట్టీని విడిగా తీసి తన మణికట్టుకి తగిలించుకుంది. చెయ్యి పైకెత్తి, తల ఒక పక్కకి వాల్చి, రెండో చేతి వేలితో గాలిలో గిరగిరా సున్నాలు చుట్టింది. "మా అమ్మాయి. దీన్ని పట్టుకునే వేలాడుతుంది," అంది, బల్ల ముందు కూర్చుని కుట్టే ఆమె కళ్లలోకి చాలాసేపు చూస్తూ.

షాపు యజమానికి గిరాకీ ముందు 'కాదు' అన్న మాట రాదు. పనివాళ్ల ముందు బాగానే వస్తుంది. మనిషి మర్యాదస్థుడే, గొంతు పెంచడు, తిట్టడు. చొక్కాకీ ముఖానికీ ఒక్క ముడతన్నా ఉండదని, ఒక్కసారి చూసినందుకే ఆమె అత్తగారు ఆయనకి ఇస్త్రీదొర అని పేరు పెట్టేసింది. ఇంట్లో అందరికీ ఆ పేరే ఖాయమైపోయింది. ఇస్త్రీదొర పట్టీని అటూ ఇటూ తిప్పి చూసి, "రేపటికి ఇచ్చేస్తాం," అన్నాడు. పట్టీలూ సంచులూ కుట్టే పెద్ద మిషను మీద కూర్చునే ముసలాయన నడుం పట్టేసి కొన్నాళ్లుగా రావడం లేదు. దొర చూపు షాపంతా తిరిగి ఆమె మీద ఆగింది.

"నువ్వు చేస్తావు కదా?"

ఆయన ప్రశ్నలన్నీ అంతే, జవాబుని కూడా లోపల పెట్టి కుట్టేసినట్టు ఉంటాయి. ఆమె తలూపింది. తల అడ్డంగా ఊపడం ఆ షాపులో ఆమె నేర్చుకోలేదు, నేర్చుకుంటే కుదరదు కూడా. ఈ దేశంలో ఇంటిల్లిపాదీ ఉంటున్నది ఆమె ఉద్యోగం మీద. ఏడాదికోసారి ఇస్త్రీదొర ఈ మనిషి నాకు కావాలి అని సంతకం పెడితేనే మొగుడు బేకరీలో రొట్టెల రేకులు కడగగలడు, కూతురు బడికి వెళ్లగలదు, అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని ఈ ఊళ్లో కాకులకేం రోగమొచ్చిందని విసుక్కోగలదు. ఈ ఏటి సంతకం ఈ నెలలోనే పెట్టాలి.

పెద్ద మిషను ఆమెకి కొత్త కాదు గానీ చనువు లేదు. కాలు ఆనిస్తే చాలు, గుర్రుమని ముందుకి లాగుతుంది. బ్లేడుతో పాత దారం పోగులన్నీ ఏరి పారేసి, పాత కన్నాల మీదే సుద్దముక్కతో చతురస్రం గీసి, లోపల మూల నుంచి మూలకి రెండు గీతలు గీసింది. ముసలాయన బరువు మోసే పట్టీలన్నిటికీ అలాగే కుడతాడు. రీలు మీదున్నది నల్లటి నైలాన్ దారం, లాగితే వేలు తెగాలి గానీ అది తెగదు. నాలుగు కుట్లు పడేసరికి మిషను మోత మారింది. సూది కింద తిరిగే చిన్న దారపు చక్రం, ఆ బాబిన్‌లో దారం అయిపోయింది.

మిషను కుట్టుకి దారాలు రెండు. పైదారం సూదిలోంచి దిగుతుంది, అందరికీ కనిపిస్తుంది. కింద దారం బాబిన్‌లోంచి వచ్చి దాన్ని పట్టుకుంటుంది. ఆమె బాబిన్ ఊడదీసి, బల్ల మీదున్న నల్లరీలు అందుకుని గబగబా దారం చుట్టి, మళ్లీ బిగించి కుట్టు పూర్తిచేసింది. అవతల కోట్ల గుట్ట అలాగే ఉంది, దొర గుమ్మం దగ్గర నుంచి రెండుసార్లు ఇటు చూశాడు. పట్టీ ఉచ్చులో పాదం పెట్టి రెండు చేతులా లాగి చూసుకుంది. కదల్లేదు. ముసలాయన చూస్తే మెచ్చుకునేవాడని లోపల్లోపల మురిసిపోయింది కూడా.

మర్నాడు పెద్దావిడ వచ్చి అన్నీ తీసుకుపోతూ షాపులో అందరికీ శనివారం మధ్యాహ్నం ఆటకి పాసులు పంచింది. ఆ ఊళ్లో అదే మొదటి ఆటట. ఆ సాయంత్రం ఇంట్లో కూతురు పాసుని గుండెకి హత్తుకుని మంచం మీద గెంతింది.

"మనిషి గాల్లో వేలాడతాడా నానమ్మా, నిజంగా?"

"అది చూడ్డానికి పాసులెందుకే చిట్టెలుకా? మీ నాన్న ఉద్యోగం వెతుక్కున్నన్నాళ్లూ చూశాం కదా!"

మొగుడు నవ్వాడు. ఆమె కూడా నవ్వుతూనే కూతురి బడిసంచి ఒళ్లోకి తీసుకుంది. సంచి భుజంపట్టీ ఊడేలా వేలాడుతోంది. పని బట్టల జేబులో మిగిలిన దారంతో పాటు నిన్నటి బాబిన్ ఉంది. షాపులో మిగిలిన బాబిన్లు ఇంటికి తెచ్చుకోవడం ఆమెకి అలవాటు. చిన్నచిన్న కుట్లకి పనికొస్తాయి. ఆ దారాన్ని రెండు పేటలు వేసి, గట్టిగా, ఒకటికి రెండుసార్లు కుట్టింది.

*

శుక్రవారం సాయంత్రం కూతురు సంచిని నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది.

"నువ్వు కుట్టింది ఊడిపోయిందమ్మా. పొద్దున్న బానే ఉంది. వచ్చేప్పుడు ఫట్‌మని ఊడిపోయింది."

"పుస్తకాలతో పాటు రాళ్లు కూడా మోస్తున్నావేమిటే?" అంటూ ఆమె సంచి తీసుకుని తిప్పి చూసింది. బట్ట చిరగలేదు. కుట్టు కన్నాలు అలాగే ఉన్నాయి. దారమే తెగింది, అంచుల్లో దూదిలా చీలి ఉంది. ఆ దూది చూసి ఆమె నవ్వు ఆగిపోయింది.

నైలాన్ దారం దూదిలా చీలదు.

వంటింట్లోకి వెళ్లి బాబిన్‌లో మిగిలిన దారాన్ని మూరెడు లాగి రెండు చేతులకీ చుట్టుకుని గుంజింది. తెగింది. ఇంకో మూరెడు లాగింది. అదీ తెగింది. స్టవ్ వెలిగించి కొస మంటకి చూపించింది. నైలానయితే కరిగి పూసలా గడ్డకట్టాలి. ఇది భగ్గుమని మండి, కాగితం కాలిన వాసన కొట్టి, బూడిదయి స్టవ్ మీద రాలింది. ఉత్త నూలు దారం. పంట్లాల అంచులు మడిచి కుట్టే దారం. బల్ల మీద ఒకే రంగువి రెండు రీళ్లు పక్కపక్కనే ఉన్నాయి. తొందరలో ఆమె చెయ్యి రెండోదాని మీద పడింది.

ఆ పట్టీకి పైదారం నైలాను. కింద దారం ఇది.

స్టవ్ ఆర్పడం కూడా మరిచిపోయి అలాగే నిలబడింది. పైనుంచి చూస్తే ఏ కన్నూ పట్టలేని కుట్టు అది. కుట్టిన రోజు లాగితే ఆగింది. ఎవరు లాగినా ఇంకో నాలుగుసార్లు ఆగుతుంది. మనిషి బరువు వేలాడి గిరగిరా తిరుగుతుంటే ఒరుసుకుని ఒరుసుకుని, ఒక్కో పోగే తెగి, ఆఖరికి పొద్దున్న బానే ఉన్నది సాయంత్రానికి ఫట్‌మంటుంది. ఆ పెద్దావిడ గాలిలో చుట్టిన సున్నాలు కళ్ల ముందు తిరిగాయి.

మొగుడు పని నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగానే చెప్పేసింది. ఆయన చెప్పులతోనే గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"దొరకి ఫోన్ చెయ్యి," అన్నాడు చివరికి.

ఇస్త్రీదొర మొదట అడిగింది ఏమైందని కాదు. అంతా విని, "ఇది ఎవరికైనా చెప్పావా?" అని అడిగాడు.

"లేదండి. వాళ్లకి వెంటనే చెప్పాలండి. ఆ పిల్ల దాని మీద వేలాడకూడదు."

"నేను చెప్తాను. అది షాపు వ్యవహారం, నువ్వు నోరు తెరవకు. కంగారు పడకు." కొంచెం ఆగి, అదే మెత్తటి గొంతుతో, "నీ సంతకం పని కూడా ఈ నెలలోనే కదా. నాకు గుర్తుంది," అని ఫోన్ పెట్టేశాడు.

"చెప్తానన్నాడు కదా," అన్నాడు మొగుడు. "ఇంక మనకెందుకు?"

"చెప్తాడంటారా?"

"చెప్తాడు."

"మీరు నిజంగా నమ్ముతున్నారా?"

ఆయన తన వేళ్ల వైపు చూసుకున్నాడు. రేకులు కడిగీ కడిగీ ఆ వేళ్ల చివర్లు ఎప్పుడూ నానిపోయి తెల్లగా ఉంటాయి. "నమ్మకపోతే ఏం చెయ్యాలో నాకు తెలీదు. అందుకని నమ్ముతున్నాను," అన్నాడు. "చూడు, మనమే వెళ్లి చెప్పామనుకో. తప్పు నీది. రేపే తీసేస్తాడు. పిల్లని బడి మాన్పించి, అమ్మని తీసుకుని, ఎక్కడికి పోతాం? అక్కడ అమ్ముకోవాల్సినవన్నీ అమ్ముకునే కదా వచ్చాం?"

"ఆ పిల్ల పడిపోతే?"

"కింద వల ఉంటుంది. సర్కసన్నాక వల ఉండదా?"

ఉంటుందనే అనుకుందామని ఆమె ఎంతో ప్రయత్నించింది. వల ఉంటే ఆ పెద్దావిడ పట్టీ ఇస్తూ ఆమె కళ్లలోకి అంతసేపు ఎందుకు చూసింది? అన్నం కలిపింది గానీ ముద్ద దిగలేదు. కూతురు మంచం కోళ్లు పట్టుకుని ఒంటి చేత్తో వేలాడబోయి ధబ్బున పడి, మళ్లీ లేచి వేలాడబోయింది. పడ్డప్పుడల్లా ఆమె పళ్లెం ముందు నుంచి సగం లేచింది.

వంటింటికీ పక్కగదికీ మధ్య గోడ పేరుకే గోడ. ఇటు దగ్గితే అటు దుప్పటి కదులుతుంది. పక్కగదిలో అత్తగారు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. మామూలుగా అయితే ఆ సమయానికి మోకాళ్ల నొప్పుల పురాణం సగం అయి ఉండాలి.

*

శనివారం బస్సు దిగేసరికి ఖాళీ మైదానంలో ఎర్రచారల డేరా గాలికి గుప్పుగుప్పుమని ఊపిరి తీస్తోంది. పిల్లలు, బూరలు, వేగుతున్న మొక్కజొన్న పేలాల వాసన. మోకాళ్ల నొప్పులు, నేను రానని నిన్నటిదాకా భీష్మించుకున్న అత్తగారు పొద్దున్నే తయారై కూర్చుని, చీర మీద ఉన్నికోటు వేసుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని అందరికంటే ముందు నడుస్తోంది.

ఇస్త్రీదొర డేరా ముఖద్వారం దగ్గరే కనిపించాడు, పెళ్లాం, ఇద్దరు మగపిల్లలతో. ఆమె పరుగులాంటి నడకతో ఆయన దగ్గరికి వెళ్లింది.

"చెప్పారాండీ?"

ఆయన చిరునవ్వు చెదరలేదు. పెళ్లాం పక్కకి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అన్నాడు: "ఇవాళ్టికి ఏమీ కాదు. వాళ్లు రోజూ లాగి చూసుకుంటారు. సోమవారం, ఇంకో మెరుగు పెట్టాలని చెప్పి ఆ పట్టీ తెప్పిస్తాను. నువ్వు మళ్లీ కుట్టేద్దువు గాని. ఎవరికీ తెలియక్కర్లేదు."

"ఇవాళే కదండీ ఆట?"

"పిల్లలతో వచ్చావు. సంతోషంగా చూడు," అని ఆయన వంగి ఆమె కూతురి తల నిమిరాడు. దాని చేతిలో పేలాల పొట్లం పెట్టాడు.

ఆమె మొగుడి ముఖం చూసింది. ఆయన నేల చూశాడు. అత్తయ్యని లోపలికి తీసుకెళ్లండని చెప్పి, డేరా చుట్టూ తిరిగి వెనక వైపుకి వెళ్లింది. అక్కడ ఇనుప కంచె, బళ్లు, ఆరేసిన తువ్వాళ్లు. పసుపు చొక్కా కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"బట్టలు చూసుకునే పెద్దావిడని కలవాలి. చాలా అవసరం."

"టికెట్టుంటే ముందు నుంచి వెళ్లు. ఆట అయ్యాక రా."

"అయ్యాక కాదు, ఇప్పుడే."

వాడు ఆమెని కాదు, ఆమె వెనకున్న గాలిని చూస్తున్నట్టు చూసి మళ్లీ అదే మాట అన్నాడు. లోపల గంట మోగింది. ఆమె వెనక్కి తిరిగింది. తిరుగుతున్నప్పుడు ఒక్క క్షణం ప్రాణం తేలికపడింది. నేను ప్రయత్నించాను, వాడే పంపలేదు అనుకుంది. ఆ తేలికదనానికి తన మీద తనకే రోత పుట్టింది.

లోపల చెక్కబల్లల మీద మొగుడూ అత్తగారూ కూతురూ కూర్చుని ఉన్నారు. సరిగ్గా వెనక వరసలో ఇస్త్రీదొర కుటుంబం. ఆమె కూర్చుని ముందు తల పైకెత్తింది. డేరా నడినెత్తిన ఇనుప కమ్మీ, దాని నుంచి దిగిన తాడు. తర్వాత కింద చూసింది. గుండ్రటి మైదానం, రంపపు పొట్టు. వల లేదు. వల కట్టడానికి గుంజలు కూడా లేవు.

"వల లేదండీ," అంది మొగుడితో.

"చూశాను," అన్నాడు ఆయన. పెదాలు తెల్లబోయి ఉన్నాయి.

గుర్రాలు వచ్చాయి. పళ్లేలు తిప్పేవాళ్లు వచ్చారు. ఒక పళ్లెం జారినప్పుడల్లా జనం ఓ అని అరిచి నవ్వారు. కూతురు చప్పట్లు కొడుతూ అడ్డదిడ్డంగా ప్రశ్నలు వేస్తోంది. లేచి అరవాలి. ఏమని? ఏ భాషలో? అరిచాక సోమవారం ఏమిటి? మెడ వెనక దొర తీరిగ్గా పేలాలు నములుతున్న చప్పుడు వినిపిస్తోంది.

పళ్లేలవాళ్లు వెళ్లిపోయారు. ఇద్దరు మనుషులు వచ్చి నడిమి తాడు కిందికి దించి కొక్కేలు సరిచూస్తున్నారు. జనానికి విసుగు పుట్టకుండా ఒక జోకరు, ఎర్ర ముక్కూ బస్తా పంట్లామూ వేసుకుని, బల్లల మధ్యకి వచ్చాడు. ఎవరినో ఒకరిని మైదానంలోకి లాక్కుపోయి ఆట పట్టిస్తాడన్నమాట. పిల్లలు మేమంటే మేమని చేతులెత్తారు. వాడు ఆ చేతులన్నీ దాటి వచ్చి అత్తగారి ముందు వంగి దణ్ణం పెట్టాడు.

"అమ్మా, నువ్వు కూర్చో," అన్నాడు మొగుడు.

అత్తగారు అప్పటికే లేచింది. మెట్టు దిగడానికి అరగంట పట్టే మనిషి, జోకరు చెయ్యి పట్టుకుని టకటకా దిగిపోయింది. ఉన్నికోటు కింద చీర కుచ్చిళ్లు రంపపు పొట్టులో ఈడ్చుకుపోతుంటే జనం విరగబడి నవ్వారు. జోకరు ఆవిడ చేతికి చీపురు ఇచ్చాడు. ఆవిడ చీపురు అవతల పారేసి నేరుగా తెర దగ్గరికి నడిచింది. అక్కడ వెండి రంగు బట్టల్లో ఒక సన్నటి అమ్మాయి, కుడి మణికట్టుకి నల్లపట్టీతో, తన వంతు కోసం నిలబడి ఉంది. అత్తగారు ఆ మణికట్టు పట్టుకుంది.

"తల్లీ, ఎక్కకమ్మా! నీకు పుణ్యముంటుంది, ఎక్కకు! దీని కింద దారం ఉత్త నూలు. మా కోడలే కుట్టింది, తెలీక కుట్టింది. తెగిపోతుందే తల్లీ! పిచ్చిదానా, నవ్వుతావేమే, నా మాట విను!"

డేరాకంతటికీ వినిపించింది. ఆ తెలుగు జనంలో ఒక్కరికీ అర్థం కాలేదు. జోకరు వెనక నిలబడి ఆవిడ చేతులు తిప్పినట్టే చేతులు తిప్పాడు, తల బాదుకున్నట్టే బాదుకున్నాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. ఆ అమ్మాయి కూడా నవ్వి, ముసలావిడ బుగ్గ మీద ముద్దు పెట్టి, మెల్లగా చెయ్యి విడిపించుకుంది. వెనక వరసలో ఇస్త్రీదొర కూడా హాయిగా నవ్వుతున్నాడు.

ఉన్న నిజమంతా నడి మైదానంలో, అందరి ముందూ చెప్పేసింది ఆవిడ. దాన్ని ఆ ఊరి భాషలో మళ్లీ చెప్పడానికి ఆ డేరాలో ఆమె తప్ప ఇంకెవరూ లేరు.

ఆమె లేచి నిలబడింది. భుజం మీద ఒక చెయ్యి పడింది.

"కూర్చో," అన్నాడు దొర. నవ్వు ఆగిపోయింది.

బల్లల మధ్య దారి ఇరుకు. మొగుడి మోకాళ్లు అడ్డం. ఆమె ఆయన వైపు చూసింది. ఆయన తలెత్తలేదు. మోకాళ్లు రెండూ పక్కకి జరిపాడు.

ఆమె దిగిపోయింది. రంపపు పొట్టులో కాళ్లు కూరుకుపోతున్నాయి, కళ్లలోకి లైట్లు కొడుతున్నాయి. ఇంకో ఆడమనిషి కూడా వచ్చేసరికి ఇది కూడా ఆటలో భాగమేనని జనం చప్పట్లు కొట్టారు. అమ్మాయి అప్పటికే తాడు దగ్గరికొచ్చి పట్టీని కొక్కేనికి తగిలించుకుంటోంది. ఆమె ఆ కొక్కేన్ని రెండు చేతులా పట్టేసుకుంది. ఆ ఊరి భాషలో తనకి వచ్చిన మాటలన్నీ ఎటో పారిపోయాయి. దొరికిన నాలుగు ముక్కలే అంది.

"పట్టీ. నేనే కుట్టాను. కింద దారం తప్పు. తెగుతుంది."

జోకరు ఆమె మాటలకి కూడా చేతులు తిప్పబోయి ఆగాడు. ముఖం మీద పూసిన నవ్వు అలాగే ఉంది, కళ్లు మాత్రం మారిపోయాయి. పట్టీని కొక్కెం నుంచి విడదీసి, వాయిద్యాల వాళ్ల వైపు చెయ్యి ఊపాడు. బాకాలు మోగాయి. ఇంటర్వెల్ అన్నారు.

*

తెర వెనక తాళ్ల చుట్టలూ, పెట్టెలూ, గుర్రాల చెమట వాసన. పెద్దావిడ పట్టీని తిరగేసి, దబ్బనం మొన ఒక కుట్టు కిందికి దూర్చి పైకి లేపింది. పుటుక్కుమంది. పక్క కుట్టు లేపింది. అదీ పుటుక్కుమంది. మూడోదానికి దబ్బనం అక్కర్లేకపోయింది, గోరు సరిపోయింది. నైలాన్ పైదారం పట్టుకునేందుకు ఏమీ లేక దానంతటది లేచి వచ్చింది. పెద్దావిడ దబ్బనం పట్టుకున్న చేత్తోనే నోరు మూసుకుంది. ఆమె తిట్లకీ దెబ్బకీ సిద్ధపడి తల వంచుకుని నిలబడింది.

"నెత్తీ నోరూ బాదుకున్నాను కదమ్మా," అంది అత్తగారు, ఎవరో ఇచ్చిన పెట్టె మీద కూలబడి. "జోకరు నన్ను ఏరుకున్నాడనుకుంటున్నారేమో. నేనే చెయ్యి ఊపాను."

సర్కస్ మేనేజరు, లావాటి మనిషి, ఇవాళ్టికి ఈ ఆట లేదని చెప్పేస్తానన్నాడు. వెండిబట్టల అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"ఇవాళ ఎక్కకపోతే రేపు ఎక్కలేను. భయం పట్టుకుంటుంది," అంది. పెట్టెలోంచి మైనం పట్టించిన తాడులాంటి దారం, రెండు సూదులు తీసి ఆమె ముందు పెట్టింది. "కుట్టు."

"నేనా?" ఆమె ఆ సూదులు ముట్టుకోలేదు. "తప్పు చేసిందే నేను కదా."

"తప్పు ఎక్కడుందో నీకు తెలుసు. ఇక్కడ ఇంకెవరికీ తెలీదు."

ఆమె ముందు దారాన్ని వేళ్లకి చుట్టుకుని గుంజింది. వేలి మీద ఎర్రటి గీత పడింది. అప్పుడు సూదుల్లోకి ఎక్కించింది. మోచేతులు మోకాళ్లకి ఆనించుకుంది. మిషను లేదు కాబట్టి చెప్పులు కుట్టినట్టు కుట్టాలి. దబ్బనంతో కన్నం, ఇటు నుంచి ఒక సూది, అటు నుంచి ఒక సూది, రెండు కొసలూ పట్టి బిగించడం. చతురస్రం అయింది. లోపల రెండు గీతలు అయ్యాయి. మళ్లీ దాని మీదే ఇంకో వరస. ఎవరో ఆమె నుదుటి చెమట తుడిచారు. ఎవరో చూడలేదు. మొత్తం అయ్యాక పట్టీని అడ్డకమ్మీకి తగిలించి ముందు మేనేజరు వేలాడాడు, తర్వాత ఆయన నడుం పట్టుకుని జోకరు, జోకరు కాళ్లు పట్టుకుని ఇంకొకడు. కమ్మీ కిర్రుమంది గానీ కుట్టు కిక్కురుమనలేదు.

అమ్మాయి పట్టీని మణికట్టుకి వేసుకుని, "పో, కూర్చుని చూడు," అంది.

చూడడం కన్నా కష్టమైన పని ఆమెకి ఇంకోటి లేదు. అయినా అత్తగారి చెయ్యి పట్టుకుని వచ్చి కూర్చుంది. కూతురు నానమ్మ ఒళ్లోకి ఎక్కి, నువ్వు కూడా సర్కస్‌లో చేరావా అని అడిగింది. మొగుడు వంగి ఆమె చెవిలో అన్నాడు: "నిన్ను వెనక్కి పిలవమన్నాడు దొర. పని మీద వెళ్లిందండి, పూర్తవగానే వస్తుందన్నాను." అని ఆమె చెయ్యి తీసుకున్నాడు. ఇద్దరి చేతులూ చల్లగానే ఉన్నాయి.

లైట్లు ఆర్పి ఒక్కటే ఉంచారు. ఆ వెలుగులో అమ్మాయి మణికట్టు కొక్కేనికి తగిలించుకుని చెయ్యి పైకెత్తింది. తాడు లాగారు. నేల వదిలింది. మొదటి వరస తలల ఎత్తు, తర్వాత దీపాల ఎత్తు, ఇంకా పైకి. ఒంటి చేతి మీద, కాళ్లు చాపి, తల వెనక్కి వాల్చి, మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. డప్పు వేగం పెరిగింది. అమ్మాయి వెండి గీతలా మారిపోయింది. కళ్లు మూసుకోవాలని ప్రాణం కొట్టుకుంది. మూసుకోలేదు. ఆమె చూస్తున్నది అమ్మాయిని కాదు, మణికట్టు పైన ఆ బెత్తెడు నల్లటి చోటుని. కన్నం తర్వాత కన్నం, తను వేసిన వరస ప్రకారం మనసులో మళ్లీ కుట్టుకుంటూ కూర్చుంది. అప్పుడే వెనక నుంచి ఇస్త్రీదొర ముందుకి వంగాడు. చెవికి వెచ్చగా ఊపిరి తగిలింది. ఆయన ఏదో అన్నాడు. ఆమె తల తిప్పలేదు.

డప్పు ఆగింది. గీత మళ్లీ మనిషయింది. తాడు దిగింది, దిగింది, వెండి బూట్లు రంపపు పొట్టుని తాకాయి. డేరా అదిరేలా చప్పట్లు. ఆమె అప్పుడు ఊపిరి తీసుకుంది. ఎంతసేపటి నుంచి బిగబట్టిందో, ఛాతీ నొప్పి పుట్టింది. తర్వాత వెనక్కి తిరిగింది.

"ఇందాక ఏమన్నారండీ? నాకు వినపడలేదు."

దొర ముఖంలో మొదటిసారి ముడత పడింది. ఒక మాటని రెండుసార్లు చెప్పాల్సి రావడం ఆయనకి అలవాటు లేదు.

"సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదన్నాను. సంతకం కూడా పెట్టను."

నిన్నటి నుంచీ ఏ మాట వింటే గుండె ఆగిపోతుందని భయపడిందో ఆ మాట ఇందాకే ఆమె చెవి దాకా వచ్చి, లోపలికి రాలేక తిరిగి వెళ్లిపోయింది. ఇప్పుడు మాత్రం వచ్చింది. భయం వేసింది, బడీ, బేకరీ, ఇల్లూ అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. అయినా ఆమె ఆయన కళ్లలోకి చూసి, "వినపడిందండి," అంది. అని ముందుకి తిరిగి కూర్చుంది.

"ఏమంటున్నాడే ఇస్త్రీదొర?" అంది అత్తగారు.

"పని లేదంటున్నాడు అత్తయ్యా. ఇంక రావద్దంటున్నాడు."

అత్తగారు మొగుడూపెళ్లాల ముఖాలు మార్చి మార్చి చూసింది. పాపిట్లోంచి రంపపు పొట్టు దులుపుకుంది. మనవరాలి చేతిలో దొర పెట్టిన పేలాల పొట్లం తీసుకుని, దాన్ని భద్రంగా వెనక వరసలో దొర పెళ్లాం పక్కన పెట్టేసింది.

"అయితే మిగతా ఆట చూసి పోదామా, ఇప్పుడే పోదామా?"

ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన ఈసారి తలెత్తే ఉన్నాడు.

"చూసే పోదాం అత్తయ్యా," అంది ఆమె. కాళ్లు ఇంకా వణుకుతూనే ఉన్నాయి, ఆ మాటకొస్తే అప్పుడే లేచి నిలబడగలిగేది కూడా కాదు.